ముందుగా కళ్లు

సింహాద్రప్పన్న దయవల్ల అందరూ వచ్చారు. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

నర్సీపట్నంలో, తాలూకా కచేరీ వెనక వీధిలో, నారాయణమూర్తిగారని ఒక గుమాస్తాగారు ఉండేవారు. వాళ్లింట్లో తెల్లవారడం ఎప్పుడూ ఒకే వరసలో జరిగేది. ముందు పాలు పోసే బుల్లమ్మ వీధి గుమ్మంలో కేకేసేది. ఆ కేకకి నారాయణమూర్తిగారి చెల్లెలు కనకమహాలక్ష్మి, ఇంట్లో అందరికీ కనకం, ముగ్గుచిప్ప పుచ్చుకుని బయటికి వచ్చేది. కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, పెరట్లో తులసమ్మకి నీళ్లు పోసి దణ్ణం పెట్టుకునేది. అన్నగారు సంధ్య వార్చుకుని, చద్దన్నం తిని, తలపాగా సర్దుకుంటూ కచేరీకి వెళ్లేవారు. వదిన కమలాంబ వంటింట్లో పొయ్యిని తిడుతూ ఉండేది. అప్పుడు కనకం ఆరిన బొగ్గుముక్క ఒకటి ఏరుకుని పెరటి వసారాలోకి వెళ్లి, సున్నం కొట్టిన గోడ మీద తన మొగుడి బొమ్మ ఇవాళ దేనివైపు చూస్తోందో చూసేది.

ముక్కువైపు చూస్తే ముక్కు తప్పు. చెవివైపు చూస్తే చెవి తప్పు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీసేది.

"ఇయ్యాల దేనేపమ్మా?" అని అడిగేది బుల్లమ్మ, ఖాళీ చెంబు చంకన పెట్టుకుని.

"చెవివైపే బుల్లమ్మా. మూడు రోజులైంది, చెవిని వదలడం లేదు."

"సెవి పెద్దదైపోనాది మరి! నాకే తెలస్తంటే ఆ బాబుకి తెలీదేటి? బేగి తుడిసీ," అని తన దారిన తాను వెళ్లిపోయేది. ఇంకా నాలుగిళ్లకి పాలు పోయాలి దానికి.

ఆ మొగుణ్ణి కనకం చూసింది ఒకే ఒక్కసారి. అదీ సగమే.

చెబుతాను. తొమ్మిదో ఏట పెళ్లయింది ఆమెకి. పెళ్లికొడుకు రావికమతం వాడు, అప్పలనరసింహం, పద్దెనిమిదేళ్ల వాడు. తల్లీ తండ్రీ లేరు, పెదనాన్నగారే పెంచారు. పెళ్లి చేయించినది యాజులుగారు. ముహూర్తం వేళకి వధూవరుల మధ్య తెరసెల్లా పట్టుకున్నారు, ఒక కొస యాజులుగారి చేతిలో, ఇంకో కొస ఎవరో ముత్తైదువ చేతిలో. జీలకర్రా బెల్లం పెట్టే క్షణానికి తెర పూర్తిగా దిగాలి. కానీ యాజులుగారికి ముందురోజే అరుగు మీంచి జారి భుజం పట్టేసింది. తెర సగం దిగి ఆగిపోయింది. ఆ అంచు మీంచి కనకానికి రెండు కళ్లు కనిపించాయి. పెద్ద కళ్లు, చివర కాస్త కిందికి వాలినవి, తనకన్నా ఎక్కువ భయపడుతున్నవి. అంతలోకే ఎవరో మేనత్త "తల వంచుకోవే" అని మెడ మీద చెయ్యి వేసి వంచేసింది. తరవాత పెళ్లి ఐదు రోజులూ ఆ పిల్ల సగం సేపు నిద్రలో ఉంది, మిగతా సగం తల వంచుకుని ఉంది.

మరుసటి ఏడు అతను ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి రంగూన్ ఓడ ఎక్కేశాడు. "క్షేమంగా చేరాను" అని ఒక్క కార్డు ముక్క వచ్చింది. అంతే. ఆ తరవాత ఉత్తరం లేదు, కబురు లేదు. అన్నగారు రంగూన్ వెళ్లేవాళ్లందరికీ చెప్పి పంపేవారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, నున్నటి ముఖం, అని ఆనవాళ్లు చెప్పేవారు. అలాంటివాడు ఎవరికీ తగల్లేదు. కనకం కాపురం ఎరగకుండా అన్నగారింట్లోనే ఇరవై రెండేళ్లది అయింది. మోకాళ్లు దాటే జుట్టు ఆమెకి. కమలాంబ ప్రతి శుక్రవారం తలంటి, ఆరబెట్టడానికి రెండు పీటలు వేయించేది. ఒకటి ఆమెకి, ఒకటి జుట్టుకి.

పంతొమ్మిది వందల ఇరవై ఏడో సంవత్సరం ఆషాఢంలో రావికమతం నుంచి పెదమావగారి, అంటే అతన్ని పెంచిన పెదనాన్నగారి, ఉత్తరం వచ్చింది. నారాయణమూర్తిగారు వసారాలో కూర్చుని పైకి చదివారు. వచ్చే మాఘానికి అబ్బాయి జాడ తెలియక పన్నెండేళ్లు నిండుతాయి. ఇంట్లో మనవరాలి పెళ్లి చేయాలి. ఉన్నాడో లేడో తెలియని మనిషిని మధ్యలో పెట్టుకుని శుభకార్యం చేయకూడదని పెద్దలు అంటున్నారు. కాబట్టి పెళ్లి జరగబోయే ఇల్లు తప్పించి, మాఘంలో మీ ఇంటికే వచ్చి, శాస్త్రంలో ఉన్నట్టు మోదుగాకులతో, దర్భలతో మనిషి బొమ్మ కట్టి, అబ్బాయి పేరున దహనం చేసేస్తాము. పదో రోజున అమ్మాయికి జరగవలసినవి మీరు చూసుకోవలసింది.

అమ్మాయికి జరగవలసినవి అంటే ఏవిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. బొట్టు పోతుంది, గాజులు పోతాయి, ఆ రెండో పీట ఇంక అక్కర్లేకుండా పోతుంది.

కనకం తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. సాయంత్రం బియ్యం ఏరుతూ అడిగింది. "వదినా, ఆయన ఎలా ఉండేవారు?"

"నేనెక్కడ చూశానే! మీ పెళ్లికి నేను బూరెల మూకుడు దగ్గర ఉన్నాను. మీ అన్నయ్యనడుగు."

అన్నగారు బుర్ర గోక్కున్నారు. "ఎర్రగా ఉండేవాడమ్మా. కాదు కాదు, చామనచాయ. ముక్కు... బాగానే ఉండేది."

ఎవరి కోసం తన జుట్టు పోతుందో ఆ మనిషి ముఖం ఒక్కసారైనా తిన్నగా చూడాలనిపించింది కనకానికి. మాఘం లోపల చూడాలి. చూపించేవాళ్లు ఎవరూ లేరు. అందుకని గీయడం మొదలుపెట్టింది.

బొమ్మలు గీసే పంతులుగారు ఊళ్లో లేరు. ఉన్నా ఆడపిల్లకి ఎవరు నేర్పుతారు? ఆమెకి తెలిసినవి ముగ్గులే. బొగ్గు పట్టుకుని గోడ ముందు నిలబడితే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచలేదు. తెలిసినవి రెండే రెండు కదా అని ఆ రెండు కళ్లూ గీసింది. గీయగానే అవి ఆమె చేతివైపు చూశాయి. తరవాత ముక్కు గీసింది. కళ్లు ముక్కువైపు దిగాయి. ఎంత సేపటికీ అక్కణ్ణించి కదల్లేదు. ఓహో, ముక్కు ఇలా ఉండదన్నమాట అనుకుని తుడిచేసింది.

సంతరోజున ఏటికొప్పాక నుంచి కొండబాబు లక్కబొమ్మల గంప ఎత్తుకుని వచ్చాడు. కనకం మంచినీళ్లిచ్చి, తనకి బొమ్మ గీయడం కాస్త చూపించమని అడిగింది.

"నాకు రాదమ్మా," అన్నాడు కొండబాబు. "కర్ర గిర్రున తిరుగుతా ఉంటే నా సెయ్యి పనిసేత్తాది. నిలబడ్డ గోడ మీద నానేటి సెయ్యగలను? ఏదీ, మీరు ఎక్కణ్ణించి మొదలెట్టేరో సూపండి."

కనకం వసారాలోకి తీసుకెళ్లి చూపించింది. కొండబాబు గంప దింపేశాడు.

"ఓలమ్మో, కళ్లు ముందెట్టేసేరా! కళ్లు ఆకర్న కదమ్మా ఎట్టాల? మా తాతల కాడ్నించీ అంతే. అంతా అయ్యాక దండం ఎట్టుకుని మరీ ఎడతాం. ముందే ఎట్టేత్తే అది సూడదేటి?"

"చూస్తోందయ్యా. తప్పు గీసినచోటల్లా చూస్తోంది."

"సూత్తాది. సూడక ఏం సేత్తాది," అని తలూపాడు కొండబాబు. "మరింక మీకు గురువెందుకమ్మా? తప్పు సెప్పేవోడు గోడ మీదే కూకున్నాడు." కమలాంబకి ఒక లక్క భరిణె అమ్మి, గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కానీ మొదటే మనిషి ముఖమంటే మాటలా? చెయ్యి కుదరాలని కనకం చిన్నవాటితో మొదలుపెట్టింది. గోడకి ఒక మూల ఇత్తడి చెంబు గీసింది. దానికీ ముందు రెండు కళ్లు పెట్టింది, లేకపోతే తప్పు ఎవరు చెబుతారు?

"చెంబుకి కళ్లేవిటే!" అంది కమలాంబ గుమ్మంలోంచి.

"పనయ్యాక తీసేస్తాను వదినా."

"తీసెయ్యి తల్లీ. నేను నీళ్లు తాగుతుంటే చూస్తుందేమో."

చెంబు మెడ కుదరక నాలుగు రోజులు ఆగింది. తరవాత పిల్లి గీసింది. పిల్లి కళ్లు తన తోకవైపే చూస్తూ ఉండేవి. తోక ఎన్నిసార్లు మార్చినా అంతే. చివరికి కనకానికి అర్థమైంది, తోక తప్పు కాదు, పిల్లులు అలాగే చూసుకుంటాయి. ఏ బొగ్గు ఎలా పలుకుతుందో కూడా తెలిసింది. చింతబొగ్గు మొండిది, గీస్తే ఒక పట్టాన తుడుచుకోదు. కొబ్బరిచిప్ప బొగ్గు గోడని గీకుతుంది. పెరట్లో మునగకొమ్మ కాల్చిన బొగ్గు మెత్తగా, వేలితో రుద్దితే నీడలాగా పరుచుకుంటుంది. ఇవి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి, ఆ చేతులతో తులసమ్మకి దణ్ణం పెడితే తల్లి ఏమీ అనుకునేది కాదు.

శ్రావణం దాటాక మళ్లీ మొగుడి కళ్ల దగ్గరికి వచ్చింది. ఈసారి ముక్కు రెండు వారాల్లో కుదిరింది, కొద్దిగా ఎడమకి వంగి. కానీ ముఖం మొత్తం గీసేసరికి కళ్లు ఎడమ దవడ మీద నిలిచిపోయాయి. దవడ మారిస్తే ఎడమ చెవి. చెవి మారిస్తే మళ్లీ దవడ. కనకం నెల్లాళ్లు తంటాలు పడింది. ఒకరోజు వాకిట్లో ముగ్గు పెడుతూ ఉండగా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. ముగ్గులో ఎడమ ఎలాగో కుడి అలాగే. చిన్నప్పట్నించీ చెయ్యి అదే నేర్చుకుంది. ముఖం ముగ్గు కాదు! పరుగెత్తుకుని వెళ్లి ఎడమ చెవి బెత్తెడులో పదోవంతు పైకి జరిపింది. కళ్లు దాన్ని వదిలేశాయి. ఆ రోజు కనకం వంటింట్లోకి వచ్చి వదినని గట్టిగా పట్టుకుంది. కమలాంబ కొత్త చీర అంతా బొగ్గు.

కార్తీకం వచ్చేసరికి గోడ మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు, నున్నటి బుగ్గలతో చక్కగా కుదిరాడు. ఇంక ఒకటి రెండు రోజుల్లో తిన్నగా చూస్తాడు అనుకుంది కనకం.

చూడలేదు. కళ్లు పైకెళ్లాయి, నుదుటి మీదికి. అక్కడ ఏ తప్పూ కనిపించలేదు ఆమెకి. తోచక ఒక ముడత గీసింది. కళ్లు శాంతించాయి. మర్నాడు కుడి కనుబొమ్మవైపు చూశాయి. అందంగా గీసిన కనుబొమ్మ, ఏం చేసినా వదలవు. విసిగిపోయి మధ్యలో వేలితో కొంచెం చెరిపేసింది, ఎప్పుడో దెబ్బ తగిలి మాసిన మచ్చలాగా. వదిలేశాయి. తరవాత బుగ్గలు కావాలన్నాయి, అంటే లోతుగా కావాలన్నాయి. తరవాత కణతలు. జుట్టు ఒత్తుగా గీసింది, పలచగా గీసింది, అబ్బే. ఆఖరికి చిటికెనవేలు సున్నంలో ముంచి నాలుగు తెల్ల వెంట్రుకలు గీస్తే అప్పుడు ఊరుకున్నాయి.

"ఇదేవిటే కనకం," అంది కమలాంబ నడుం మీద చెయ్యి పెట్టుకుని. "పెళ్లికొడుకుని గీస్తావనుకుంటే పెళ్లికూతురి తండ్రిని గీశావు!"

కనకం నవ్వలేదు. "నాకు చెయ్యి రాలేదు వదినా. గురువు ఉంటే ఈపాటికి వచ్చేదేమో. ఎంత గీసినా ఇంకా ఎక్కడో తప్పే. మాఘం వచ్చేస్తోంది."

పుష్యం మొదట్లో కళ్లు గడ్డంవైపు దిగాయి. ఇప్పుడిప్పుడే మొలుస్తున్న గెడ్డం లాగా చుక్కలు పెట్టింది. రెండు రోజులాగి మళ్లీ అక్కడికే చూపు. కాస్త పొడుగు చేసింది. నాలుగు రోజులాగి మళ్లీ. అలా నెలన్నర పాటు ఒక్కొక్క వెంట్రుకే గీస్తూ వచ్చింది. మనిషి జబ్బుపడి లేచినవాడిలా కనిపించేవాడు. ఆ గెడ్డం గీస్తుంటే మాత్రం కనకానికి ఎందుకో దిగులేసేది. తులసమ్మ దగ్గర ఇంకో దీపం ఎక్కువ పెట్టేది.

మాఘం రానే వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే బుల్లమ్మ కేక వేయకుండా పాలు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. రావికమతం నుంచి పెదమావగారు, కర్మ చేయవలసిన ఆయన కొడుకు బండి దిగారు. నారాయణమూర్తిగారు సెలవు పెట్టారు, తలపాగా లేని ఆయన తల ఎంత చిన్నదిగా ఉందో చూసి కనకం కళ్లు తిప్పుకుంది. యాజులుగారు పెరటి వసారాలో పీట వేసుకుని మోదుగాకుల కట్టలు విప్పారు. ఎముక ఎముకకీ లెక్క ఉంటుంది, మూడు వందల అరవై ఆకులు. ఆయన ముసలి చేతులు దర్భతాళ్లతో ఆకుల్ని కడుతున్నాయి. పక్కన తలకి పెట్టవలసిన కొబ్బరికాయ. పెరట్లో మునగచెట్టు కింద మంగలి దేవుళ్లు తన రేకు పెట్టె ముందు పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఇవాళ కర్తకి క్షౌరం చేయాలి. పదో రోజున మళ్లీ రావాలి. ఆ పదో రోజు సంగతి తలచుకుని అతను కనకంవైపు చూడకుండా నేలకేసి చూస్తున్నాడు. కమలాంబ వంటింట్లో ఏడుస్తూ, పొగ, పొగ అంటోంది. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.

కనకం రోజులాగానే గోడ దగ్గరికి వెళ్లింది. ఎవరూ వద్దనలేదు.

కళ్లు గడ్డంవైపే ఉన్నాయి.

ఇంకాస్త పొడుగు కావాలేమో అని ఒక గీత పెంచింది. కదల్లేదు. ఇంకోటి. కదల్లేదు. తడిగుడ్డతో ఒక పక్క కొంచెం తుడిచింది. కళ్లు ఆ తుడిచిన చోటు వదిలి, తుడవనివైపుకి వెళ్లాయి. అప్పుడు అర్థమైంది ఆమెకి, మొత్తం వద్దంటున్నాయి. నెలన్నర గీసినది.

ఇన్నాళ్లకి కనకానికి కోపం వచ్చింది. అంతమంది మగవాళ్లున్నారన్న మాటే మరిచిపోయింది.

"ఇవాళ కూడానా? నిన్నటిదాకా గెడ్డం కావాలన్నారు, ఇవాళ వద్దంటారా? ఒక్కసారి, ఒక్కసారి తిన్నగా చూస్తారేమోనని ఆరు నెలలు గీశానే! సాయంత్రానికి మిమ్మల్ని తగలబెట్టేస్తారు. ఇంక నేను ఎప్పుడు నేర్చుకుంటాను, ఎప్పుడు గీస్తాను?"

నారాయణమూర్తిగారు స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. పెదమావగారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు. యాజులుగారి చేతులు ఆగాయి.

అప్పుడు మాట్లాడినవాడు దేవుళ్లు. ఎంత మంచి పేరు పెట్టారండీ వాడికి!

"అమ్మగారూ," అంటూ లేచి, వసారా మెట్టు దగ్గర ఆగిపోయాడు. "నానొక మాట సెప్పొచ్చాండి? తమరేం తప్పు గియ్యలేదండి. గెడ్డం పనోణ్ణి, నాకు తెలస్తాది. మొన్న కబురందుకుని వొచ్చినప్పుడు సూసినాను, అది నెలా పదిహేన్రోజుల గెడ్డం, నిజం గెడ్డం. ఒక్కొక్క రోజూ ఎంత పెరగాలో అంతే పెరిగినాది. ఇయ్యాల లేదంతన్నారంటే..."

"అంటే?" అన్నారు నారాయణమూర్తిగారు.

"అంటే ఏటుందండీ బాబూ, ఇయ్యాల తెల్లారగట్ట ఆ బాబు గెడ్డం తీయించేసుకున్నారు. జబ్బు తగ్గి నీళ్లోసుకుని ఉంటారు. అంతే కదండీ. సచ్చిపోయినోడికి గెడ్డం పెరగదు కదా. పెరిగినా, ఎవుడు తీత్తాడండి?"

మునగచెట్టు మీద కాకి ఒకటి అరిచి ఊరుకుంది. కమలాంబ వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో ఊదుగొట్టం. ఆరు నెలలుగా ఆ ఇంట్లో అందరూ చూస్తూనే ఉన్నారు. ముడత చూశారు, మచ్చ చూశారు, నెరిసిన వెంట్రుకలు చూసి నవ్వుకున్నారు. కనకానికి గీయడం రాలేదనే అనుకున్నారు. గీస్తున్నది ఎదుగుతున్న మనిషినని ఒక్కరికీ తట్టలేదు.

పెదమావగారు ఉత్తరీయం నోటి మీంచి తీశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఇంట్లో పెళ్లి ఉన్నవాడు. "బొమ్మ చూడడం సరే. ముందు కళ్లు పెడితే ఏ బొమ్మైనా చూస్తుంది. కానీ అవి మావాడి కళ్లేనని ఏవిటి? అమ్మాయి అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల."

"నేను చూస్తాను," అన్నారు యాజులుగారు.

ఒళ్లోంచి ఆకులు రాలుతుండగా లేచి, గోడ దగ్గరికంటా వెళ్లి, ముక్కు ఆనేటంత దగ్గరగా నిలబడ్డారు. చాలాసేపు చూశారు. ఆయన గొంతు మంత్రాలు చదివే గొంతు కాదప్పుడు.

"ఇవే. ఆ రోజు తెర కొస పట్టుకున్నది నేనే కదా. భుజం నొప్పికి చెయ్యి దిగలేదు. ముహూర్తం మించిపోతుందని సగం దింపి ఊరుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఈ కళ్లు నా జానెడు దూరంలో ఉన్నాయి. నాకేసి చూసి, పంతులుగారూ, నాకు భయమేస్తోంది అన్నట్టు..." ఆగి, కనకంవైపు తిరిగారు. "నీకు సగం మొగుణ్ణే చూపించాను తల్లీ. మిగతా సగం నువ్వే గీసుకోవలసి వచ్చింది."

పెదమావగారు అప్పుడు కదిలారు. నెమ్మదిగా వచ్చి, గోడ మీద నాలుగు తెల్ల వెంట్రుకలున్న చోటికి వేలు తీసుకెళ్లారు, తాకలేదు. "మా తమ్ముడికీ ముప్పై దాటగానే ఇక్కడే నెరిసింది," అన్నారు. "ఇక్కడే, కుడి కణత దగ్గర. వీడి తండ్రికి." తరవాత ఆయన వసారా మెట్టు మీద కూర్చుండిపోయి ఉత్తరీయంలో ముఖం దాచుకున్నారు. పన్నెండేళ్ల ఏడుపు అది, తొందరగా అయ్యేది కాదు.

యాజులుగారు పీట దగ్గరికి వచ్చి దర్భతాళ్లు ఒక్కొక్కటే విప్పేశారు. "గెడ్డం తీయించుకునేవాడికి నేను చితి పేర్చలేను. రంగూన్‌కి మళ్లీ కబురు పంపండి నారాయణమూర్తీ, ఈసారి నున్నటి ముఖం అని కాదు, ఈ ముఖం చెప్పి పంపండి."

"మరి ఈ ఆకులో పంతులుగారూ?" అంది కమలాంబ. ముక్కు తుడుచుకుంటూనే అడిగింది. ఇంటికి ఇంతమంది వచ్చారు కదా, ఆవిడ బాధ ఆవిడది.

యాజులుగారు చేతిలోని దర్భతాడు పక్కన పెట్టారు. "ఇంకా మంత్రం పడలేదమ్మా. మంత్రం పడనిదే ఆకులు ఆకులే."

కమలాంబ ఆకులు ఒళ్లో వేసుకుని అక్కడే కూర్చుని విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం రావికమతం వాళ్లూ, యాజులుగారూ, అందరూ వాటిలోనే భోంచేశారు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. దేవుళ్లుకి పెరట్లో రెండు విస్తళ్లు వేసి వడ్డించింది కమలాంబ, ఒకటి చాలదని. తిన్నాక అతను రేకు పెట్టె మూసి చంకన పెట్టుకున్నాడు.

"పదో రోజున రానక్కర్లేదు కదండీ బాబూ?" అని అడిగాడు, తెలిసి కూడా.

"ఎల్లుండి రా దేవుళ్లూ," అన్నారు నారాయణమూర్తిగారు, తన గడ్డం తడుముకుంటూ. "నాకు బాగా మాసింది."

దేవుళ్లు వెళుతూ వెళుతూ, పొద్దుటి నుంచీ చూడనిది, అప్పుడు ఒకసారి చూశాడు. కనకం జడ వసారా గచ్చు మీద ఇంత పొడుగున పడి ఉంది. గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉందామె. దేవుళ్లు చేతులు జోడించి వెళ్లిపోయాడు.

మిగతావాళ్లంతా వీధి అరుగు మీదికి వెళ్లాక కనకం తడిగుడ్డ పిండి, గెడ్డం మొత్తం తుడిచేసింది. బూడిదరంగు మరక పోయేదాకా మెల్లగా, జ్వరం తగ్గినవాడి ముఖం తుడిచినట్టు తుడిచింది. మునగబొగ్గుతో నున్నటి గడ్డం గీసింది. చెయ్యి ఆగకుండా ఒకే గీత. ఎవరూ నేర్పని గీత.

కళ్లు నెమ్మదిగా పైకి లేచాయి. గడ్డం దాటి, పెదవులు దాటి, వంకర ముక్కు దాటి వచ్చి, ఆమెని చూశాయి.

ఎంతసేపు చూశాయో కనకానికి తెలియదు. పెరట్లో ఎండ మునగచెట్టు నీడలోంచి తులసికోట దాకా జరిగింది. ఎక్కడో నీళ్ల అవతల ఎవరో ఓడరేవులో గంట కొట్టినట్టు అనిపించింది ఆమెకి. ఇప్పుడు ఏ మేనత్తా మెడ వంచలేదు. అయినా సిగ్గేసి, జడ ముందుకు వేసుకుని, పైట సర్దుకుంది. తల మాత్రం ఎత్తే ఉంచింది.

ఆ తరవాత కళ్లు మళ్లీ కిందికి దిగాయి. కింది పెదవి పక్కన ఒకచోట ఆగాయి.

కనకం దగ్గరికి జరిగి చూసింది. గీత సరిగ్గానే ఉంది. నీడ సరిగ్గానే ఉంది. తప్పేవిటా అని వెతికి వెతికి, ఒక్కసారిగా నవ్వేసింది. అన్నగారి గడ్డం మీద కత్తి జారినప్పుడల్లా అలాంటిచోటే చిన్న గాటు చూసేది.

"తొందరపడ్డారు," అంది బొమ్మతో.

చిటికెనవేలు తన నుదుటికి ఆనించి, బొట్టు అంచు నుంచి రవ్వంత కుంకుమ తీసి, ఆ తెగిన చోట చుక్క పెట్టింది.